ఆ తొమ్మిదిమందిలో నేనొకతెను

మా ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన చేసే బాధ్యత మావారిది. బాధ్యత అనడం కంటే హక్కు అంటే బావుంటుందేమో! ఆయన కళ్లు మూసుకున్నారంటే పప్పులో వేసిన నెయ్యి మళ్లీ పేరుకోవలసిందే. వాన కురిపించిన మేఘం దగ్గర్నుంచి, పంట పండించిన రైతు దాకా, ఈ పూట అన్నం దొరకని బీదసాదల దాకా అందర్నీ పేరుపేరునా దేవుడికి అప్పగించిగాని 'ఆమెన్' అనరు. ఈలోగా మావాడు ఒక కన్ను తెరిచి అప్పడాల పళ్లెం వంక చూస్తూ ఉంటాడు. ఆ సంగతి నీకెలా తెలుసని మాత్రం అడక్కండి. స్టవ్ మీద చారు పొంగుతుందేమోనని నాదీ ఒక కన్ను తెరిచే ఉంటుంది!

ఆ ప్రార్థన చివర్లో, "ఈ ఆహారాన్ని సిద్ధపరచిన చేతుల్ని దీవించు తండ్రీ" అనే మాట ఒకటి తప్పకుండా వస్తుంది. ఆ చేతులు నావే. పెళ్లయిన ఇరవై రెండేళ్లుగా నా చేతులకి రోజూ మూడు పూటలా దీవెన అందుతూనే ఉంది. కాని, ఆ చేతులున్న మనిషి వంక తిరిగి, "పప్పు బావుందోయ్" అన్న పాపాన మాత్రం పోలేదాయన. ఉప్పు తక్కువైతే అప్పుడు దేవుణ్ణి మధ్యన పెట్టుకోరు. నేరుగా నాతోనే చెబుతారు!

చాలాకాలం దీన్ని నేను మావారి మీద చెప్పుకునే చిన్న వేళాకోళంగానే ఉంచుకున్నాను. కిందటేడు జరిగిన ఒక సంగతి తర్వాత అది వేళాకోళంగా మిగల్లేదు. వేలు ఆయన వైపు చూపిస్తే తక్కిన వేళ్లన్నీ నావైపే తిరిగి ఉన్నాయి.

అంతకుముందు మా అత్తగారి గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ పుట్టిల్లు గుంటూరు. 1842లో హయ్యర్ దొరగారు అమెరికా నుంచి వచ్చి లూథరన్ మిషను మొదలుపెట్టిన ఊరు. ఆవిడ తాతల నాటి నుంచీ వాళ్ల ఇంట్లో సాయంత్రం ప్రార్థన, పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు అన్నంలో ఉప్పులా కలిసిపోయాయి. కరెంటు వస్తే స్తోత్రం. గ్యాసు బండ వస్తే స్తోత్రం. ఒకరోజు పాలు విరిగిపోయినా, "స్తోత్రం, కోవా చేద్దాంలే" అన్న మనిషి ఆవిడ.

ఆవిడకి ఇంకో అలవాటుంది. అన్నం వండేటప్పుడు కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. డబ్బా నిండాక అది చర్చికి వెళుతుంది. ఇది మా అత్తగారు ఒక్కరే కనిపెట్టిన వ్రతమేమీ కాదు. ఎక్కడో ఈశాన్యాన మిజోరాంలో చర్చి ఆడవాళ్లు 1910 నుంచీ ఇలాగే పూటకో గుప్పెడు తీసి, ఆ బియ్యం అమ్మిన డబ్బుతోనే ఎంతో పని నడిపిస్తున్నారట. "మన దగ్గర ఏమీ లేదనుకునే రోజున కూడా గుప్పెడు తీయగలిగితే, ఉన్నదెంతో మనకి తెలుస్తుందమ్మా" అంటారు మా అత్తగారు. లెక్కల్లో ఇది తప్పు. కాపరంలో మాత్రం ఒప్పే.

సరే, కిందటేడు నెలాఖరు రోజుల్లో మావారికి కడుపునొప్పి వచ్చింది. గ్యాస్ అనుకుని వాము నమిలాం. తీరా చూస్తే అపెండిక్స్ లోపలే పగిలిపోయిందన్నారు. ఆపరేషను, చీము, జ్వరం... మొత్తం పదిహేడు రోజులు ఆసుపత్రి. పగలు నేను, రాత్రి మా మరిది. కొడుకు మంచం పక్కనే కూర్చుని ప్రార్థన చేసుకుంటానని పట్టుబట్టి మా అత్తగారు కూడా నాతోపాటే వచ్చేవారు.

ఆ రోజుల్లో చూడ్డానికి వచ్చిన ఒకావిడ, "ఈ జబ్బు ఇచ్చినందుకు కూడా దేవుడికి స్తోత్రం చెప్పాలమ్మా" అంది. నాకు ఒళ్లు మండింది. ఆవిడ వెళ్లాక మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని, "జబ్బుకి కాదమ్మా, జబ్బులో" అన్నారు. పౌలు రాసింది అదే. ప్రతి విషయంలోనూ కృతజ్ఞతతో ఉండమన్నాడు. ఆ ఒక్క విభక్తి ప్రత్యయం పట్టుకుని ఆ పదిహేడు రోజులూ ఈదాను. ఆయన ఈ రోజు రెండు చెంచాల గంజి తాగారు, స్తోత్రం. నర్సు నవ్వింది, స్తోత్రం. జ్వరం నూటొకటికి దిగింది, స్తోత్రం.

మరి ఇల్లు? పిల్లలు? ఆ సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

మా ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు తుడిచే మనిషి ఒకావిడ ఉంది. పేరు రాయను. రాస్తే, "నన్నెందుకమ్మా పుస్తకాల్లోకి ఎక్కించావు?" అంటుంది. మా పిల్లలు ఆవిణ్ణి మామ్మ అంటారు. నేనూ అలాగే అంటాను. శివరాత్రికి ఏటేటా కోటప్పకొండ తిరనాళ్లకి వెళ్లే మనిషి. రెండు పూటలా వచ్చి తన పని చేసుకుని వెళ్లడమే తప్ప వంటింట్లో గరిటె ముట్టుకోవలసిన అవసరం ఆవిడకి లేదు. ఆ పదిహేడు రోజులూ ఎవరూ అడక్కుండానే వంట చేసింది, పిల్లలకి క్యారియర్లు కట్టింది, రాత్రి తొమ్మిదింటికి మేం వచ్చేదాకా వాళ్ల దగ్గర కూర్చుంది. నేను గుమ్మంలోకి రాగానే, "బాబుగారెట్లా ఉన్నారమ్మా?" అనేది. నేను చెప్పేదాన్ని. ఆవిడ వెళ్లిపోయేది. అంతే.

ఇంటికి వచ్చిన మర్నాడు మా అత్తగారు బియ్యం డబ్బా తీశారు. వెలితిగా ఉండవలసిన డబ్బా అంచుదాకా నిండి ఉంది. "ఎవరు పోశారే ఇది?" అన్నారు. పెరట్లోంచి మామ్మ, "నేనేనమ్మా. మీరు రోజూ తీస్తారుగదా, మీ దేవుడి బియ్యం. వండేది నేనైతే మాత్రం ఆపుతానా?" అంది. అత్తగారు నవ్వి, "స్తోత్రం" అన్నారు. నేనూ నవ్వాను. దేవుడికి చెప్పాం. తర్వాత ఎవరి పనిలో వాళ్లం పడ్డాం.

మరో పది రోజులకి ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. షామియానా వేశాం, అరవైమంది వచ్చారు. పాటలు, వాక్యం. పాస్టరుగారికి వందనాలు. ఆపరేషను చేసిన డాక్టరుగారికి శాలువా కప్పాం. మావారు లేచి సాక్ష్యం చెప్పారు. రక్తం ఇచ్చిన స్నేహితులు, సెలవు ఇచ్చిన ఆఫీసరు, అర్ధరాత్రి మందులు తెచ్చిన కుర్రాడు... ఎవర్నీ మర్చిపోలేదు. ఆయన గొంతు జీరపోయింది, నా కళ్లు నిండాయి. కవరులో అయిదు వేలు పెట్టి కృతజ్ఞతార్పణ ఇచ్చాం. ఆ నిండిన బియ్యం డబ్బా కూడా చర్చికి అప్పగించాం.

ఆ రాత్రి కుర్చీలు సర్దుతుంటే మా అమ్మాయి అంది: "అమ్మా, డాడీ ఆక్సిజన్ సిలిండర్‌కి కూడా థాంక్స్ చెప్పారు. మామ్మకి చెప్పలేదేం?"

చేతిలో కుర్చీ అలాగే ఉండిపోయింది. ఆ సాక్ష్యం జరుగుతున్నంతసేపూ మామ్మ పెరట్లో అరవైమంది తిన్న గిన్నెలు తోముతోంది. ఆ చప్పుడు ఎక్కువైతే నేనే ఒకసారి వెళ్లి, "కాస్త మెల్లిగా, ప్రార్థన అవుతోంది" అని చెప్పి వచ్చాను కూడా.

మావారు మాత్రం, "ఆవిడకి జీతం ఇస్తున్నాంగదా" అన్నారు. డాక్టరుగారికీ ఫీజు ఇచ్చాం, అయినా శాలువా కప్పామన్నాను. ఆయన మాట్లాడలేదు. జీతం అన్న మాట చెవిన పడ్డాక నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఒకటో తారీకు మేం ఆసుపత్రిలో ఉన్నాం. ఆ రోజు ఇరవై అయిదు. మామ్మకి ఆ నెల జీతమే ఇవ్వలేదు!

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చిన్నప్పట్నుంచీ సండే స్కూల్లో విన్న పదిమంది కుష్ఠురోగుల కథ కళ్లముందు తిరిగింది. లూకా సువార్తలోది. యేసు పదిమందినీ బాగుచేస్తే ఒక్కడే తిరిగి వచ్చి ఆయన కాళ్లమీద పడ్డాడు. వాడూ పరాయివాడే, సమరయుడు. తక్కిన తొమ్మిదిమందీ ఏరని యేసు అడిగాడు. ఆ తొమ్మిదిమందినీ నేనెప్పుడూ దుర్మార్గుల కింద జమకట్టేదాన్ని. కాని కథ మళ్లీ చదివి చూడండి. వాళ్లు ఎక్కడికి వెళుతున్నారు? వెళ్లి యాజకులకి కనపడమని ఆయన చెప్పినచోటికే! వాళ్లు చెప్పిన మాట విన్నవాళ్లు. పద్ధతి ప్రకారం గుడిదారి పట్టినవాళ్లు. వెనక్కి తిరగలేదు, అంతే. షామియానా వేసి, పాటలు పాడి, కవరు ఇచ్చి, వెనక్కి మాత్రం తిరగని నేను ఆ తొమ్మిదిమందిలో ఒకతెను కాకపోతే మరెవరిని?

ఆ ఒక్కడూ సమరయుడు కావడం గురించీ ఆలోచించాను. సమరయులు ఆరాధించుకునే కొండ వేరు, గెరిజీము. యూదుల ఆలయం యెరూషలేములో. ఏ కొండ సరైనదని తరతరాల తగువు. మా ఇంటి బియ్యం డబ్బా నింపిన మనిషిదీ వేరే కొండే మరి!

మర్నాడు పొద్దున్నే జీతం డబ్బూ, ఒక కొత్త చీరా పట్టుకుని మామ్మ ఇంటికి వెళ్లాను. పన్నెండేళ్లుగా మా ఇంట్లో చేస్తోంది. నేను వాళ్ల ఇంటికి వెళ్లడం అదే మొదటిసారి. నన్ను చూసి కంగారుపడింది. "కబురు పంపితే నేనే వద్దునుగదమ్మా" అంటూ మంచం మీది బట్టలు తీసింది. నేను చెప్పాలనుకున్నది ఎలాగో చెప్పాను. నవలల్లో పేజీలకి పేజీలు సంభాషణలు రాసే నాకు ఆ రెండు మాటలకి నోరు తిరగలేదు. "అదేం మాటమ్మా, పిల్లలు నా మనవలు కారా?" అంది. డబ్బు మాత్రం లెక్కపెట్టుకుని కొంగున ముడి వేసుకుంది. ఒకటో తారీకున అద్దె కట్టడానికి వడ్డీకి తెచ్చుకుందట. అడగొచ్చుగదా అన్నాను. "మనిషి ఆసుపత్రిలో ఉన్న ఇంట్లో డబ్బులెట్టా అడుగుతారమ్మా?" అంది.

కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండంలో ఉంది. నేను ఇరవై అయిదు రాత్రులు ఉంచుకున్నాను. ఆ వడ్డీ నేను కట్టాను. అందులో గొప్పేమీ లేదు, అది నా అప్పు.

బి.ఏ.లో మా తెలుగు మాస్టారు కృతజ్ఞత అనే మాట విడదీసి చెప్పారు. కృతం అంటే చేసినది. దాన్ని ఎరిగి ఉండడం కృతజ్ఞత. దాన్ని చంపేయడం కృతఘ్నత. అప్పుడు పరీక్ష కోసం రాసుకున్నాను. ఇప్పుడు తెలిసింది. చేసిన మేలును చంపడానికి కత్తీ కటారీ అక్కర్లేదు. చూడకపోతే చాలు.

"అంతా దేవుడే చేశాడు" అనుకోవడం విశ్వాసమే. కాదనను. కాని ఆ మాట చాటున మనుషుల్ని దాటేయడం చాలా తేలిక. దేవుడికి స్తోత్రం చెబితే ఖర్చు లేదు, అద్దె ఎంతని ఆయన్ని అడగక్కర్లేదు. మా చర్చిలో ప్రభు రాత్రి భోజనం తీసుకునేటప్పుడు ఈ మధ్య నాకు ఒక ఆలోచన వస్తోంది. యూకరిస్టు అని కొన్ని సంఘాలవాళ్లు పిలిచే ఆ సంస్కారం పేరుకి గ్రీకులో అర్థం కృతజ్ఞతాస్తుతి అనే. బల్లమీద ఉండేవి గోధుమ గింజలూ ద్రాక్షపళ్లూ కావు. రొట్టె, రసం. ఎవరో పిసికి, ఎవరో కాల్చి, ఎవరో పిండితేగాని అవి అక్కడికి రావు. దేవుడికి ఎత్తిపట్టే కృతజ్ఞతలోనే మనిషి చెయ్యి ఉంది. ఆ చెయ్యిని వదిలేసి మిగతాది ఎత్తడం కుదరదు.

ఇంతకీ చీర సంగతి. మామ్మ దాన్ని పక్కన పెట్టి, "చీరలున్నాయమ్మా. ఆదివారం ఒకపూట సెలవిస్తావా? కూతురింటికి వెళ్లొస్తాను" అంది. మళ్లీ నా తల వంగింది. ఆదివారం మాకు విశ్రాంతి దినం. చర్చి నుంచి వచ్చి, కోడికూర, బగారా తిని, పడుకుంటాం. ఆ గిన్నెలన్నీ తోమేది మామ్మ. ఆమెకి వారంలో అదే అన్నిటికంటే పెద్ద చాకిరీ రోజు. పది ఆజ్ఞల్లో విశ్రాంతి దినం గురించి చెప్పినచోట దాసుడికీ, దాసికీ కూడా విశ్రాంతి ఉండాలని స్పష్టంగా ఉంది. మా ఇంట్లో గోడకి వేలాడే ఆజ్ఞల పటం మీద అంత జాగా లేక ఆ ముక్క వదిలేసినట్టున్నారు!

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం మామ్మ రాదు. గిన్నెలు మావారూ, మావాడూ తోముతారు. మొదటి ఆదివారం బగారా గిన్నె అడుగు గీకుతూ గీకుతూ మావారు చెమటలు తుడుచుకుని, "ఇది ప్రతి వారం ఇంత మాడుతుందా?" అన్నారు.

"పన్నెండేళ్లుగా మాడుతోంది" అన్నాను.

ఆయన ఇంకేమీ అనలేదు. సోమవారం ఉదయం పేపరు చదువుకుంటున్న మనిషి, మామ్మ గేటు తీసుకుని లోపలికి వస్తుంటే లేచి నిలబడ్డారు. ఏదో చెప్పబోయి, చెప్పలేక, "కాఫీ తాగుతావా?" అన్నారు. మామ్మ హడలిపోయి నావైపు చూసింది, బాబుగారికి మళ్లీ ఏమైనా చేసిందేమోనని!

భోజనం ముందు ప్రార్థన మాత్రం ఇప్పటికీ పొడుగే. నెయ్యి ఇప్పటికీ పేరుకుంటోంది. మొన్న మాత్రం 'ఆమెన్' అన్నాక ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "పప్పు బావుందోయ్" అన్నారు.

ఆ రోజు పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. అయినా స్తోత్రం!