ఒకసారికి ఒక్క అంగడి చాలు నాయనా

నాయనా, ఇంటికి కొత్త టీవీ తెచ్చినావు, నెట్టు పెట్టించినావు, చాలా సంతోషం. ఇంక ఏ యాప్‌కు కడితే తక్కువ దుడ్లతో అయిపోతుంది పెద్దనాయనా అని అడిగినావు. నా మాట ముందే చెప్తా. ఒకసారికి ఒక్కదానికే కట్టు. అదీ నెలకో, మూడు నెలలకో. దాని గడువు తీరినాక కావాలంటే ఇంకోదానికి పో. నాలుగు యాప్‌లకు ఏడాది పొడుగునా కట్టి, రాత్రి అన్నం తిన్నాక ఏది చూద్దామా అని అరగంట వెతికి, ఏదీ చూడకుండానే పడుకునే ఇండ్లు మన తాడిమర్రిలో గుడక ఉండాయి. నీ ఇల్లు అట్లా కాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నా.

అన్ని సినిమాలూ ఒక్క చోట దొరికితే ఈ ఆలోచనే అక్కర్లేదు. దొరకవు. మన హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణ సినిమాలే తీసుకో. ‘అఖండ’, ‘వీరసింహారెడ్డి’ హాట్‌స్టార్‌లో వచ్చినాయి. 2023లో ‘భగవంత్ కేసరి’ అమెజాన్ ప్రైమ్‌కు పోయింది. ‘డాకు మహారాజ్’ 2025 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. ఆయన ‘అన్‌స్టాపబుల్’ చూడాలంటేనేమో ఆహాకు పోవాల. ఒక్క హీరోకు నాలుగు అంగళ్లు! ఏ సినిమా యాడికి పోతుందనేది నిర్మాతకూ కంపెనీకీ కుదిరిన బేరాన్ని బట్టి ఉంటుంది, హీరోను బట్టి కాదు. అందుకే ఫలానా హీరో కోసం ఏడాది చందా కట్టడం దండగ. సినిమా రాంగానే చూడాలనే తొందర ఉంటే ధర్మవరం పోయి థియేటర్లో చూడు, ఆ సంతోషం వేరు. తొందర లేకపోతే ఆగు. ఒక యాప్‌లో నువ్వు చూడాలనుకున్నవి మూడు నాలుగు పోగైనాక ఒక్క నెలకు కట్టి, ఆ నెలలోనే అన్నీ చూసేయి. చాలావరకు అవి అంత తొందరగా యాడికీ పోవు.

యాప్ పేరు చూసే ముందు ఇంట్లో మనుషులను చూడు. మీ జేజికి కావాల్సింది సీరియల్. మీ నాయనకు క్రికెట్. మీ అమ్మ మగ్గం దిగి వచ్చేసరికే తొమ్మిదవుతుంది, ఆమె చూసేది గంటో గంటన్నరో. చెల్లెలు ఇంటర్ చదువుతా ఉంది, దానికి ఫోనే లోకం. వీళ్లలో ఎవరి కోసం కడుతున్నావో ముందు తేల్చుకో. సీరియల్ సంగతైతే ఒక్క మాటలో పోతుంది. స్టార్ మా సీరియళ్లు జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో, జెమినీవి సన్ నెక్స్ట్‌లో ఉంటాయి. కానీ ఇంటికి కేబులో డిష్షో ఉండి నెలనెలా కడుతూనే ఉంటే, అదే సీరియల్ కోసం మళ్లీ యాప్‌కు కట్టేది ఎందుకు? ఒకే సరుకుకు రెండుసార్లు దుడ్లిచ్చినట్లు. జేజి ఏడున్నరకు టీవీ ముందు కూర్చునే అలవాటును యాప్ కోసం మార్చొద్దు, ఆమెకు ఆ వేళే బాగుంటుంది.

క్రికెట్ సంగతి వేరే. ఐపీఎల్ ఇప్పుడు జియోహాట్‌స్టార్‌లో వస్తుంది. జియోసినిమా, డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ రెండూ కలిసి 2025 ఫిబ్రవరి 14న ఆ యాప్ అయినాయి. అప్పుడు పెట్టిన ధరలు ఇట్లా ఉండినాయి: ఫోనులో మాత్రమే చూసేదానికి మూడు నెలలకు 149, ఏడాదికి 499. టీవీలో గుడక చూసే ‘సూపర్’ మూడు నెలలకు 299, ఏడాదికి 899. ఈ ధరలు మారుతానే ఉంటాయి, కట్టే రోజు యాప్‌లో మళ్లీ చూసుకో. లెక్క మాత్రం ఎప్పుడైనా ఒకటే. ఐపీఎల్ మార్చి ఆఖర్లో మొదలై మే ఆఖరుకో, జూన్ మొదట్లోనో అయిపోతుంది. మూడు నెలల ప్లాన్‌తో మీ నాయన క్రికెట్ అంతా గడిచిపోతుంది. తర్వాత ఆయన విత్తనం పనిలో పడితే తొమ్మిది నెలలు ఆ యాప్ తెరిచేవాళ్లు ఎవరు?

ఇప్పుడు అసలైన మాట, జాగ్రత్తగా చదువు. చవక ప్లాన్లలో చాలావాటికి ‘మొబైల్’ అని పేరుంటుంది. ఆ మాటను చూసీ చూడనట్లు వదిలేసి కట్టి, ఇంటికొచ్చి టీవీలో పెట్టబోతే రాదు. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో ధరలు తగ్గించినప్పుడు మొబైల్ ప్లాన్ నెలకు 149, దాని పైది 199 అయినాయి. 149ది ఫోనులోనూ ట్యాబ్‌లోనూ తప్ప నడవదు, బొమ్మ స్పష్టత 480పీ. 199ది టీవీలో గుడక నడుస్తుంది, బొమ్మ స్పష్టత 720పీ. ఒకసారికి ఒక తెరే అయినా, ఆ తెర ముందు ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చు. యాభై రూపాయలు మిగిలించుకుందామని నలుగురు కలిసి చూసేదాన్ని ఒకరి అరచేతిలోకి కుదించొద్దు. నెట్‌ఫ్లిక్స్‌లో ఒక మంచి ఉంది, అది నెలవారీదే, ఏడాదికి కట్టమని అడగదు. ఒక నెల చూసి ఆపేయొచ్చు. బెంగళూరులో పనిచేసే నీ స్నేహితుడు పాస్‌వర్డ్ ఇస్తానన్నాడని చెప్పినావు గదా, ఆ ఆశ పెట్టుకోవద్దు. 2023 జూలై నుంచి ఒకే ఇంట్లో ఉండేవాళ్లకే అని నెట్‌ఫ్లిక్స్ వాళ్లు గట్టిగా పట్టుకున్నారు.

అమెజాన్ ప్రైమ్ ఏడాదికి 1499, లైట్ అనేది 799. అది ఉత్త సినిమా చందా కాదు, సరుకు తొందరగా తెచ్చిచ్చే సదుపాయంతో కలిపి అమ్ముతారు. బెంగళూరులో ఉండేవాళ్లకు రేపటికల్లా వస్తుంది. మన ఊరికి ఎన్నాళ్లకు వస్తుందో, ఏడాదిలో నువ్వు ఎన్ని వస్తువులు తెప్పిస్తావో లెక్క చూసుకో. పైగా 2025 జూన్ నుంచి సినిమా మధ్యలో ప్రకటనలు పెట్టినారు, అవి వద్దంటే ఇంకో 699 అడుగుతున్నారు.

తెలుగువాళ్ల యాప్‌ల మీద నాకు అభిమానం ఉంది, దాచను. ఆహా 2020 ఉగాదికి అచ్చంగా తెలుగు కోసమే మొదలైంది. అప్పుడు ఏడాదికి 365, రోజుకు రూపాయి అన్నారు. రూపాయికి ఇంట్లో తెలుగు సినిమా అనేది మాబోటివాళ్లకు పెద్ద సంగతి. ఈటీవీ విన్‌లో 2024 జనవరిలో ‘90’స్’ అని మధ్యతరగతి ఇంటి కథ వచ్చింది, శివాజీ లెక్కల మాస్టరుగా చేసినాడు. ఆరు భాగాలు. మీ అమ్మానాయనలతో కలిసి కూర్చుని చూడు, మన ఇండ్లలో పైసా పైసా ఎట్లా కూడబెట్టినారో నీకే తెలుస్తుంది. ఏడాదికి కట్టాల్సిందే అయితే ఇట్లాంటి తెలుగు యాప్ ఒకటి కట్టు. ఇంట్లో అందరికీ అర్థమయ్యే భాష. మనం కడితేనే గదా ఇట్లాంటి కథలు ఇంకా వచ్చేది.

మీ ఇంట్లో రాబడి నెల జీతం కాదనేది మరిచిపోవద్దు. బుడ్డలు పెరికి అమ్మినప్పుడు నాయన చేతిలో దుడ్లు ఉంటాయి, చీర దిగినప్పుడు అమ్మ చేతిలో ఉంటాయి, మధ్యలో చేయి ఖాళీ. అట్లాంటి ఇంటికి తెలియకుండా నెలనెలా కోసుకునే చందా మంచిది కాదు. చేతిలో ఉన్నప్పుడు కట్టు, లేనప్పుడు మానెయ్. మానేస్తే నామోషీ ఏమీ లేదు.

ఆ కోసుకునే తీరు చూపిస్తా. యాప్ తెరవగానే ‘ఒక్క రూపాయికే ఏడు రోజులు’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కింద సన్న అక్షరాల్లో, ఏడు రోజుల తర్వాత ఇంత అని రాసుంటుంది. నొక్కగానే ఫోన్‌పేనో గూగుల్‌పేనో తెరుచుకుని, ‘ఆటోపే’ అనే మాట, గరిష్ఠ మొత్తం, ఎన్నాళ్లకోసారి, ఎప్పటిదాకా అనే నాలుగు వరుసలు చూపిస్తుంది. పిన్ను కొట్టేముందు ఆ నాలుగు వరుసలూ చదువు. నువ్వు ఒప్పుకుంటున్నది రూపాయికి కాదు, ఆ గరిష్ఠ మొత్తానికి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం దుడ్లు కోసే 24 గంటల ముందు నీకు కబురు రావాల. వస్తుంది, కానీ బ్యాంకు మెసేజీల గుంపులో పడి కనపడదు. నువ్వు ఫోనులోంచి యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు, ఈ సంగతి చాలామందికి తెలియదు. ఫోన్‌పేలో ఆటోపే పట్టీ తెరిచి, ఆ చందాను రద్దు చేయాల. చందా కట్టిన రోజే రద్దు చేసుకున్నా, చాలా యాప్‌లు కట్టిన గడువుదాకా చూడనిస్తాయి. ఆపడానికి దారి కనపడకుండా తిప్పించే పద్ధతిని 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మోసాల పట్టీలో చేర్చింది. అట్లా ఎవరన్నా చేస్తే 1915కు ఫోన్ చేసి చెప్పు.

నెట్టు వైర్‌తో ఉన్నప్పుడు ఇబ్బంది లేదు. ఫోన్ డేటాతో చూస్తే మాత్రం లెక్క ఉంది. నెట్‌ఫ్లిక్స్ వాళ్లు చెప్పేదాని ప్రకారం మామూలు బొమ్మకు గంటకు 0.7 జీబీ దాకా, హెచ్‌డీకి 3 జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ రీఛార్జితో మామూలు బొమ్మ రెండు గంటలు వస్తుంది, హెచ్‌డీ అరగంటకు అయిపోతుంది. చెల్లెలి ఫోనులో సెట్టింగ్ తగ్గించి పెట్టు, లేకుంటే సాయంత్రానికి దాని పాఠాలకు డేటా ఉండదు. రీఛార్జితోనో నెట్టు ప్లాన్‌తోనో ఏదన్నా యాప్ ఊరికే వస్తోందేమో కట్టకముందే చూసుకో. 2017 డిసెంబరులో మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు 149 రూపాయలకే నెట్టు, టీవీ చానళ్లు, ఫోన్ మూడూ ఇచ్చినారు. ఇప్పటి కంపెనీలు సినిమా యాప్‌లు కలిపి ఇస్తామంటాయి. అవి లేని ప్లాన్‌కూ, ఉన్న ప్లాన్‌కూ ఎంత తేడానో చూడు. ఆ తేడానే వాటి అసలు ధర.

ఏమీ కట్టకుండా చూసేవి తక్కువేం లేవు. మన పక్క తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి తీసిన సినిమాలంటే జేజికి ప్రాణం. పాత తెలుగు సినిమాలు హక్కులున్న కంపెనీలే యూట్యూబులో పెట్టినాయి, చాలా ఉండాయి. ప్రసార భారతి 2024 నవంబరులో ‘వేవ్స్’ అనే యాప్ తెచ్చింది, దూరదర్శన్ పాతవి అందులో ఉండాయి. అమెజాన్ ఎంఎక్స్ ప్లేయర్ ప్రకటనలతో ఊరికే వస్తుంది. ప్రకటనలు భరిస్తే సగం ఇంటికి ఇవే చాలు.

ఊరికే అన్నానని దొంగ సైట్ల దిక్కు పోవద్దు నాయనా. దీంట్లో నేను మెత్తగా చెప్పను. 2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు ఐబొమ్మ అనే దొంగ సైటు కేసులో ఒకర్ని పట్టుకున్నారు. అట్లాంటి సైటు ఒకటి మూస్తే అదే పేరుతో ఇంకో పది పుడతాయి. అట్లాంటి చోట సినిమా ఊరికే చూపించి బెట్టింగ్ యాప్‌ల వైపు లాగుతారు. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే అనే యాప్ ఫైళ్లు అయితే అసలు ముట్టుకోవద్దు. అట్లాంటిది ఒక్కసారి ఫోన్లో చేరితే ఓటీపీలూ, ఖాతాలూ దొంగల చేతికి పోవచ్చు. ఆ ఫోన్లోనే నాయన పంట దుడ్లు ఉండాయి.

టీవీలో యాప్ పెట్టిన రోజే చెల్లెలికి వేరే ప్రొఫైల్ తీసి, పెద్దల బొమ్మలకు పిన్ను పెట్టు. 2021 నిబంధనల ప్రకారం వయసు గుర్తు, తాళం యాప్‌లో ఉండాలి, ఉంటాయి కూడా. చెల్లెలి మీద నమ్మకం లేక కాదు, దాని పక్కన చిన్న పిల్లలు కూర్చుంటారు గదా. ఇంకోటి. జేజికి రిమోట్‌లో అక్షరాలు కనపడవు, కానీ మైకు బొత్తం ఉంటుంది. నొక్కి తెలుగులో సినిమా పేరు చెప్తే వెతుకుతుంది. ఒకసారి చెప్పి వదిలేయకుండా, ఆమె తనంతట తాను పెట్టుకునేదాకా పక్కన కూర్చుని నేర్పు.