గోథెన్‌బర్గ్ వెళ్తున్న మేనకోడలికి



గోథెన్‌బర్గ్‌లో నీకు ఉద్యోగం ఖాయమైందనీ, అబ్బాయీ పిల్లలూ కూడా నీతోపాటే వస్తున్నారనీ మీ అమ్మ చెప్పింది. పచ్చళ్లు ఎన్ని కిలోలు పట్టుకెళ్లాలో, చలికోట్లు ఎక్కడ కొనాలో చెప్పడానికి నీ స్నేహితులున్నారు. అక్కడి మనుషుల మధ్య ఎలా మసలుకోవాలన్నది మాత్రం నేను రాస్తాను.

స్వీడన్ మనవాళ్లకు తెలియని దేశమేమీ కాదు. 2011 శరదృతువు దాకా అక్కడి యూనివర్సిటీలు విదేశీ విద్యార్థుల దగ్గర ఫీజు తీసుకునేవి కావు. ఆ రోజుల్లో కార్ల్‌స్‌క్రోనాలోని బ్లేకింగే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదవడానికి మన జిల్లాల నుంచి చాలామంది వెళ్లారు. వాళ్లలో ఊరందరితో కలిసిపోయి స్థిరపడినవాళ్లున్నారు. ఏళ్ల తరబడి ఉండి కూడా ఎదురు ఫ్లాట్‌లో ఎవరుంటారో తెలియనివాళ్లూ ఉన్నారు. జీతాల్లోనో తెలివిలోనో వీళ్లకూ వాళ్లకూ పెద్ద తేడా లేదు. ఉమ్మడి పనుల్లో తమ వంతు తీసుకున్నారా లేదా అన్నదే తేడా.

ఆ ఉమ్మడి పని ఎలా ఉంటుందో చూడాలంటే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోని లాండ్రీ గదికి వెళ్లాలి. చాలా ఫ్లాట్లలో సొంత వాషింగ్ మెషిన్ ఉండదు. బిల్డింగ్ మొత్తానికీ కలిపి రెండో మూడో మెషిన్లు, ఒక డ్రయ్యర్, తడి బట్టలు వేలాడదీసే వెచ్చటి బీరువా ఉంటాయి. తలుపు పక్కన బోర్డు మీద తేదీలూ గంటలూ గళ్లుగా గీసి ఉంటాయి. ఒక్కో ఫ్లాట్‌కు ఒక చిన్న తాళంబుడ్డి. కావలసిన గడిలో దాన్ని పెట్టి తిప్పితే ఆ గంటలు ఆ ఇంటివాళ్లవి. కొత్త బిల్డింగుల్లో ఇదంతా స్క్రీన్ మీదే అయిపోతుంది. ఉతకడం అయ్యాక డ్రయ్యర్ జల్లెడలో పేరుకున్న నూగు తీసెయ్యాలి, సబ్బుపొడి వేసే అర తుడవాలి, నేలకు మాప్ పెట్టాలి. చూడ్డానికి వాచ్‌మన్ ఉండడు, అడగడానికి సూపర్‌వైజర్ ఉండడు. నూగు వదిలేసి పోయినా ఎవరూ ఇంటి మీదికొచ్చి తిట్టరు, గోడకు ఓ చీటీ అంటిస్తారు. ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అని నవ్వుకునే కొత్తవాళ్లున్నారు. నవ్వుకునే సంగతి కాదది. ముఖం కూడా తెలియని మనిషి కోసం ఎవరికి వాళ్లు చేసే ఆ రెండు నిమిషాల పని మీదే ఆ దేశంలో చాలా వ్యవహారాలు నిలబడ్డాయి.

ఆఫీసులోనూ అంతే. ఒంట్లో బాగాలేదని ఉద్యోగి చెబితే సాధారణంగా మొదటి వారం డాక్టర్ సర్టిఫికెట్ అడగరు. ఎనిమిదో రోజు నుంచే అది కావాలి. మాట మీద నమ్మకంతో ఇచ్చిన ఈ వెసులుబాటును లొసుగుగా వాడుకునే తెలివి ఎవరైనా నేర్పబోతే వినొద్దు. ఒకరు చేసిన మోసానికి తరవాత వచ్చే వందమంది సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. కనీసం ఏడాది ఉండబోయేవాళ్లు స్కాటెవెర్కెట్ అనే పన్నుల శాఖలో నమోదు చేయించుకుంటే పర్సనల్ నంబర్ ఇస్తారు. దాంతో బ్యాంకు ఖాతా, ఖాతాతో బ్యాంక్ ఐడీ అనే డిజిటల్ గుర్తింపు, ఆ తరవాతే డబ్బు పంపుకునే స్విష్. ఇవన్నీ చేతికొచ్చేదాకా పట్టే వారాల్లో ఓపిక పట్టాలి. బిల్లుల విషయంలో మాత్రం ఏమరుపాటు పనికిరాదు. కట్టని బాకీ క్రోనోఫోగ్డెన్ అనే ప్రభుత్వ వసూళ్ల శాఖ దాకా వెళ్లిందంటే ఆ మచ్చ మూడేళ్లు రికార్డులో ఉంటుంది. అలాంటివాళ్లకు అద్దె ఇల్లు దొరకడం కష్టం.

ఆఫీసులో పెద్దబాసునైనా పేరుతోనే పిలుస్తారు. ఇది అనాదిగా ఉన్నది కాదు. ఒకప్పుడు అక్కడా హోదాతోనే పిలిచేవాళ్లు. 1967లో వైద్య శాఖ అధిపతిగా వచ్చిన బ్రూర్ రెక్సెద్, ఉద్యోగులందరినీ ‘నువ్వు’ అనే పిలుస్తానని చెప్పిన సంగతిని ఇప్పటికీ ఆ మార్పుకు గుర్తుగా చెబుతారు. బడిలో పిల్లలు టీచర్‌ను పేరు పెట్టి పిలుస్తుంటే మనవాళ్లకు మొదట మనసు చివుక్కుమంటుంది. దాన్ని పొగరనుకోవద్దు. మీటింగులో అభిప్రాయం అడిగినప్పుడు పెద్దవాళ్ల ముందు మాట్లాడకూడదని ఊరుకుంటే, నీకు అభ్యంతరం లేదనే అనుకుంటారు.

యూనియన్‌లో చేరడానికి సంకోచించొద్దు. కనీస వేతనం ఇంత అని చెప్పే చట్టం ఆ దేశంలో లేదు. యూనియన్లూ యజమానుల సంఘాలూ కూర్చుని రాసుకునే ఒప్పందాలే ఆధారం. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు జీతం, బీమా, సెలవులు ఒప్పందం ప్రకారం నడుస్తున్నాయో లేదో తామే చూసుకోవాలి. యజమాని చేసిన చిన్న పొరపాటు వల్ల పర్మిట్ పోయి దేశం విడిచిన ఇంజినీర్లున్నారు. 2017 డిసెంబరులో అక్కడి మైగ్రేషన్ అప్పీలు కోర్టు, ఒక్క తప్పును పట్టుకోకుండా మొత్తం పరిస్థితిని చూడాలని తీర్పిచ్చాక కొంత ఊరట దొరికింది.

ఇక పిల్లలు. ఈ ఒక్క విషయంలో గట్టిగానే చెబుతాను. పిల్లల్ని కొట్టడాన్ని 1979లోనే స్వీడన్ నిషేధించింది. ప్రపంచంలో అలా చేసిన మొదటి దేశం అదే. చట్టం వచ్చిన కొత్తలో ఆ సమాచారాన్ని పాల ప్యాకెట్ల మీద అచ్చువేసి ఇంటింటికీ చేర్చారు. పిల్లవాడి గురించి అనుమానం వస్తే టీచర్ సంక్షేమ శాఖకు చెప్పి తీరాలి. కేసుకు భయపడి చెయ్యి దించుకునే తల్లిదండ్రులున్నారు. నువ్వు మానుకోవాల్సింది ఆ భయంతో కాదు. మన ఇళ్లలో దెబ్బలు తిన్న పిల్లలు భయపడ్డారు, అబద్ధాలు నేర్చుకున్నారు. అంతకుమించి బాగుపడింది నేను చూడలేదు.

అబ్బాయికి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు. బిడ్డ పుడితే తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల సెలవు భృతి ఉంటుంది. అందులో 90 రోజులు తండ్రి వాడుకోకపోతే అవి తల్లికి రావు, పోతాయి. చిన్నవాడికి జ్వరమొస్తే ఆఫీసుకు ఫోన్ చేసి ఇంట్లో ఉండిపోయే మగవాళ్లను అక్కడ ఎవరూ వింతగా చూడరు. ప్రీస్కూల్లో పిల్లవాణ్ని చేర్చిన మొదటి ఒకటి రెండు వారాలు ఇంట్లోవాళ్లు ఎవరైనా వాడితోపాటు కూర్చోవాలి. ఆ వంతు అబ్బాయి తీసుకుంటే మంచిది.

లిఫ్టులో పలకరించని పొరుగువాడికి మనమంటే ద్వేషమని తేల్చేసుకోవద్దు. ఎదుటివాళ్ల తీరికలో జొరబడకపోవడమే అక్కడి మర్యాద. స్నేహాలు ఎక్కువగా సంఘాల్లో పుడతాయి. పాటల బృందాలు, అధ్యయన బృందాలు, పిల్లల ఫుట్‌బాల్ క్లబ్బులు. మ్యాచ్ రోజున కాఫీ కాచి బన్నులు అమ్మడం తల్లిదండ్రుల వంతు. ఆ కౌంటర్ వెనక ఓ శనివారం నిలబడితే లిఫ్టులో ఏడాదంతా వినని మాటలు వింటావు. భాష కోసం మున్సిపాలిటీ ఎస్.ఎఫ్.ఐ. అనే స్వీడిష్ తరగతులు ఉచితంగా నడుపుతుంది. ఆఫీసులో ఇంగ్లిష్‌తో గడిచిపోతుందని వాటిని వాయిదా వెయ్యొద్దు.

పేరు చూసి దరఖాస్తు పక్కన పెట్టే యజమానులు ఉన్నారని అక్కడి పరిశోధనలే తేల్చాయి. వివక్ష ఎదురైతే లోపల దిగమింగుకోకుండా యూనియన్‌కు చెప్పు. దానికి చట్టం ఉంది, ఫిర్యాదు తీసుకునే అధికారి ఉన్నారు. ఇక శీతాకాలం. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నరకే పొద్దుగుంకుతుంది. భోజన విరామంలో ఎంత చలైనా బయట నడవండి. విటమిన్ డి గురించి డాక్టర్‌ను అడగండి.

మరో పని మర్చిపోవద్దు. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకు బడిలోనే ఆ భాష నేర్పే ఏర్పాటు స్వీడన్‌లో 1977 నుంచి ఉంది. మున్సిపాలిటీలో కనీసం ఐదుగురు పిల్లలు అడగాలి, తగిన టీచర్ దొరకాలి. దరఖాస్తు తల్లిదండ్రులే పెట్టాలి. పెద్దదానికి బడి ఖాయమవగానే తెలుగు కోసం ఫారం అడిగి తీసుకో. ఊళ్లోని మిగతా తెలుగువాళ్లతో కూడా పెట్టించు.

ఇట్లు,
మీ మామయ్య