పొగ వ్యర్థమా?

ఇప్పపువ్వును కుండలో నానబెట్టి పులియబెడితే సారా వస్తుందని మన పిల్లలకు బడికి రాకముందే తెలుసు. పువ్వుకు బదులు ఇనుము తీసే కొలిమి గాలితోనూ ఆ పని చేస్తున్నారని ఎనిమిదో తరగతిలో చెబితే నవ్వారు.

కానీ నిజం. బెల్జియంలోని గెంట్ ఉక్కు కర్మాగారంలో 2022 డిసెంబరులో అలాంటి యూనిట్ ప్రారంభించారు. ఊదు కొలిమి వాయువులో దాదాపు సగం నైట్రోజన్. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్. మోనాక్సైడ్ మనిషిని చంపుతుంది, వాసన కూడా తెలియదు. ఒక రకం సూక్ష్మజీవికి మాత్రం అదే తిండి. అది తిని ఇథనాల్ ఇస్తుంది. జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్‌లో 2018లో వేరే దారిలో, ఉత్ప్రేరకాలతో, ఉక్కు వాయువుల నుంచి మిథనాల్ తీశారు.

"అయితే సార్, పొగ చేసిన తప్పు పోయినట్టేనా?" అని ఒక అమ్మాయి అడిగింది.

అసలు దాన్ని వ్యర్థం అనడమే పూర్తి నిజం కాదు. కర్మాగారాలు చాలాకాలంగా ఆ వాయువును మండించి కొలిమిలోకి ఊదే గాలిని వేడిచేస్తున్నాయి, కరెంటు తీస్తున్నాయి. రసాయనాలకు మళ్లిస్తే ఆ కరెంటు ఇంకోచోటి నుంచి తేవాలి. అది బొగ్గు కరెంటయితే మిగిలేదేమిటి? ఇథనాల్‌ను బండిలో పోసి కాలిస్తే ఆ కార్బన్ చివరికి ఆకాశానికే చేరుతుంది. కాకపోతే రెండుసార్లు పనిచేసి వెళుతుంది, ఆ మేరకు పెట్రోలు మిగులుతుంది. అది మేలే, నేను కాదనను. వేటాడినదాని తోలు కూడా పారేయని వాళ్లం మనం.

నా అనుమానం వేరే. పొగకు ధర పలికితే కొలిమిని మార్చాలనే తొందర తగ్గదా? కొలిమి నడవాలంటే ఖనిజం కావాలి. బైలదిల్లా కొండల్లో 1968 నుంచి తవ్విన ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మీదుగా విశాఖకు దిగుతోంది. అక్కడి శంఖినీ, డంకినీ నదులు ఎర్రబారాయి. ఒడ్డు పల్లెలవాళ్లు మనవాళ్లే. గెంట్ లెక్క, డ్యూయిస్‌బర్గ్ లెక్క కొలిమి మూతి దగ్గర మొదలవుతాయి. కొండ దగ్గర మొదలైతే లాభనష్టాలు ఇలాగే ఉంటాయా? నేను బడికొచ్చే బండీ ఇనుమే, నా చేతికీ ఆ ఎరుపు అంటింది.

"తప్పు తగ్గింది, పోలేదు" అన్నాను ఆ అమ్మాయితో.

"ఎవరికి తగ్గింది సార్?" అంది. గంట కొట్టారు.

మర్నాడు సుద్దముక్క ఆమెకే ఇచ్చి, కొండ నుంచి మొదలుపెట్టి బాణాలు గియ్యమన్నాను.