జీర్ణోద్ధరణమున సత్యము

క్రొత్త గుడి కట్టించుటకంటె పాడువడిన గుడిని బాగుచేయించుట యెక్కువ పుణ్యమని మన పెద్దలు తలంచిరి. దానము చేయుటకంటె పూర్వులు చేసిన దానమును కాపాడుట గొప్పదను భావము మన తామ్రశాసనముల చివర తఱచుగా కనఁబడును. చెఱువు, బావి, సత్రము, గుడి, వీనికి మాత్రమే ఆ మాట చెల్లునని యనుకొన నక్కఱలేదు. పనిముట్లకును యంత్రములకును గూడ జీర్ణోద్ధరణము కలదు. అది నేఁడు పెక్కుదేశములలో ననేకులకు ఇంటిపనిగా, కొందఱకు వ్రతముగా గూడ పరిణమించినది. అందులో నొక చిన్న శాఖను తీసికొని, దానియం దిమిడియున్న ధర్మప్రశ్న నొకదానిని విచారింతము. ఆ శాఖ, పాతకాలపు టూస్ట్రోకు ట్రైలుబండ్లను ఇంటిలోనే బాగుచేసికొనుట. ఆ ప్రశ్న, బాగుచేసినవాఁడు తాను బాగుచేసినదానిని గూర్చి ఎంతవఱకు నిజము చెప్పవలెను?

ట్రైలుబండి యనఁగా రోడ్డు మీఁదను అడవిదారిలోను నడచుటకు అనువుగా చేయఁబడిన తేలిక మోటారుసైకిలు. అమెరికాలో కొండలను అడవులను తిరుగఁగోరువారు మొదట రోడ్డుబండ్లకే ఎత్తైన సైలెన్సరును, గట్టి పట్టుగల టైర్లను తగిలించుకొని తృప్తిపడుచుండిరి. 1968లో యమహా సంస్థవారు డీటీ-1 అను 250 తరగతి బండిని అచ్చట విక్రయింపసాగిరి. అది యీ జాతికంతకు పేరు తెచ్చినది. సుజుకీ, కవాసకీ సంస్థలవారును అదే త్రోవ త్రొక్కిరి. మనదేశమునకు ఈ బండ్లు అంతగా రాలేదు గాని, వీని దాయాదులు వచ్చినవి. మైసూరులో తయారైన జావా, యెజ్డీలను, రాజదూతును, 1985లో వచ్చి 1996లో నిలిచిపోయిన ఆర్‌ఎక్స్ 100ను మన ఊళ్లవారు బాగుగా నెఱుఁగుదురు. వేషములు వేఱైనను వీని గుండె ఒక్కటే.

ఆ గుండె మిక్కిలి సులభమైనది. దాని చరిత్రము కూడ మన ప్రశ్నకు పనికివచ్చును. ఇంగ్లండులో బాత్ నగరవాసి యగు జోసెఫ్ డే 1891లో, క్రాంకుపెట్టెనే గాలిపంపుగా వాడుకొను ఇంజనుకు పేటెంటు పొందెను. పిస్టను పైకి పోవునపుడు పెట్రోలు కలసిన గాలి క్రింది పెట్టెలోనికి పీల్చుకొనఁబడును. పిస్టను క్రిందికి దిగునపుడు అది యొత్తిడి పొంది సిలిండరులోనికి ఎక్కును. అయినను అందులో కవాటము మిగిలియుండెను. డే కార్ఖానాలో పనిచేయుచుండిన ఫ్రెడరిక్ కాక్ 1892లో దానిని తొలఁగించి, పిస్టను అంచే ద్వారములను తెఱచుచు మూయుచు నుండునట్లు చేసెను. పిస్టను, కనెక్టింగు రాడ్డు, క్రాంకు, ఈ మూఁడే ముఖ్యముగా కదలు భాగములు. అందుచేతనే నాలుగు స్పానరులును కొంత ఓర్పును గల గృహస్థుఁడు దీనిని విప్పుటకు సాహసించును. యజమాని పేరు లోకమునకు తెలిసినది. పనివాని పేరు గ్రంథములు తిరుగవేయువారికి మాత్రమే తెలిసినది. ఈ సంగతిని పాఠకులు మనసున నుంచుకొందురు గాక.

సులభమైన యంత్రము మోసపుచ్చదని యనుకొనుట తగదు. క్రాంకుపెట్టెయే పంపు గనుక, అది గాలి చొరకుండ బిగువుగా నుండవలెను. క్రాంకు రెండు కొనలయందు రెండు రబ్బరు సీళ్లుండును. ఏండ్లతరబడి కొట్టములో పడియున్న బండిలో ఆ రబ్బరు గట్టిపడి బిగువు వదలును. మాగ్నెటో వైపు సీలు చెడినచో బయటి గాలి లోనికి వచ్చి, పెట్రోలు పాలు తగ్గి, పిస్టను అధికముగా వేఁడెక్కి పట్టుకొనిపోవును. ఒక్కొక్కప్పుడు దానికి తూటు పడును. గేరుపెట్టె వైపు సీలు చెడినచో గేరునూనె లోనికి పీల్చుకొనఁబడి తెల్లని పొగగా బయటికి వచ్చును. నేర్పరులు ద్వారములను మూసి, చదరపు అంగుళమునకు సుమారు 6 పౌనుల ఒత్తిడి నెక్కించి, ఆఱు నిమిషములు అది నిలుచునా యని పరీక్షింతురు. ఈ సీళ్ల వెల మిక్కిలి స్వల్పము. కాని వానిని మార్చుటకు ఇంజను విప్పవలెను. క్రాంకుపెట్టెను రెండుగా చీల్చవలసిన బండ్లును కలవు. అంత శ్రమపడిన పిమ్మట వానిని చూచి మెచ్చుకొనువాఁడు ఒక్కఁడును ఉండఁడు.

ట్యాంకు రంగు సంగతి వేఱు. అది వాకిట నిలిచినవారికెల్ల కనఁబడును. చక్రముల క్రోమియము మెఱయుచుండ, ట్యాంకు మీఁది గీఁతలు కర్మాగారమున దిద్దినట్లే యుండ, లోపలి సీళ్లు మాత్రము యాఁబది యేండ్లనాఁటివిగా నుండు బండ్లు అనేకములు చేతులు మాఱుచున్నవి. అమ్మువాఁడు అబద్ధమాడఁడు, ‘అంతయు బాగుచేసితిని’ అనును. ఆ ‘అంతయు’ అను మాటలోనే చిక్కున్నది.

ఇచ్చట తత్త్వశాస్త్ర మొకటి అడ్డువచ్చును. రింగులు మార్చి, పిస్టను మార్చి, సిలిండరును బోరు చేయించి, తీఁగెలు మార్చి, చట్రమునకు రంగు వేసిన పిమ్మట, ఇది ఆ బండియేనా? గ్రీకు చరిత్రకారుఁడు ప్లూటార్కు థీసియసు నావను గూర్చి ఇదే ప్రశ్నను వ్రాసి యుంచెను. పలకలన్నియు క్రమముగా మార్చినచో అది ఆ నావయేనా యని ఏథెన్సు పండితులు వాదించుకొనుచుండిరఁట. పదునేడవ శతాబ్దిలో హాబ్సు మఱియొక చిక్కు చేర్చెను: తీసివేసిన పలకలనెల్ల ఒకఁడు దాఁచి వానితో వేఱొక నావను కట్టినచో, ఏది నిజమైనది? మనవారును దీనిని విడువలేదు. నాగసేనుఁడు మిలిందమహారాజును, రథ మనఁగా ఇరుసా, చక్రములా, కాడియా యని యడిగి, ఏదియుఁ గాదనిపించి, రథమనునది వ్యవహారమునకై పెట్టుకొన్న పేరు మాత్రమే యని తేల్చెను. నైయాయికులు దీని కొప్పుకొనరు. అవయవములకంటె వేఱుగా అవయవి కలదనియు, వస్త్రమునుండి ఒక నూలుపోఁగు లాగివేసిన క్షణముననే పాతవస్త్రము నశించి ఖండపటము పుట్టుననియు వారి మతము. ఆ లెక్కను ఒక్క రింగు మార్చినను బండి క్రొత్తదే యగును. నాగసేనుని లెక్కను అది మొదటినుండియు బండియే కాదు!

ఈ వాదములు మిథ్యలని నేననను. కాని వాకిట నిలిచిన కొనుగోలుదారుఁడు ‘ఇది అసలైన బండియేనా?’ యని యడిగినపుడు, అతఁడు అవయవావయవి విచారము చేయుటలేదు. ‘నీ మాటను నేను నమ్మవచ్చునా?’ యని యడుగుచున్నాఁడు. ప్రశ్న వస్తువును గూర్చినదిగా కనఁబడును. నిజమునకు అది మనుష్యుని గూర్చినది. ఏ భాగము పాతది, ఏది క్రొత్తది, ఏది వేఱొక బండినుండి వచ్చినది యని విప్పి చెప్పినచో, నైయాయికుఁడును బౌద్ధుఁడును వాదించుకొనుచునే యుండవచ్చును గాని, కొన్నవానికి నష్టము లేదు. అది దాఁచినచో, ఏ దర్శనమును ఆ వ్యవహారమును శుద్ధి చేయఁజాలదు.

హాబ్సు చెప్పిన చిక్కు కల్పితము గాదు. ఆ కాలపు డీటీ-1 బండ్లలో చట్రము మీఁదను ఇంజను మీఁదను ఒకే సంఖ్య చెక్కఁబడి కర్మాగారము వెడలెడిది. రెండు సంఖ్యలును కలసిన బండికి ఎక్కువ వెల వచ్చును. ఒకని చట్రము తుప్పుపట్టి పోవును. వేఱొకని ఇంజను పగిలిపోవును. మిగిలినవి రెండును కలసి ఒక బండి యగును. ఇందులో దోషమేమియు లేదు. విరిగిన రెండింటినుండి నడచునది యొకటి పుట్టుట మంచిదే. దోష మెప్పుడనఁగా, పాత సంఖ్యను ఆకురాయితో అరగదీసి, మఱియొకటి చెక్కినపుడు. అపుడు పనిముట్టు పట్టిన చేయి కూటసాక్ష్యము చెప్పుచున్నది.

‘ఇది వేడుకవస్తువు గదా, దీనికింత ధర్మవిచార మేల?’ అని కొంద ఱనవచ్చును. దానికొక్క నిదర్శనము చాలును. టూస్ట్రోకు ఇంజనుకు పెట్రోలులో కలసిన నూనెయే అభ్యంగనము. 1964లో యమహావారు నూనెకు వేఱు తొట్టిని, దానిని లెక్కప్రకారము అందించు చిన్నపంపును ప్రవేశపెట్టి, దానికి ఆటోల్యూబ్ అని పేరిడిరి. డీటీ-1లో నదియే యున్నది. పాత పంపును నమ్మలేక కొందఱు దానిని తీసివేసి, పూర్వపద్ధతిని నూనెను పెట్రోలులోనే కలుపుకొందురు. ఇదియు తప్పు గాదు. కాని ఆ సంగతి చెప్పకుండ బండి నమ్మినచో, కొన్నవాఁడు వట్టి పెట్రోలు పోసి బయలుదేఱును. కొద్దిదూరములోనే పిస్టను సిలిండరును పట్టుకొనును, వెనుకచక్రము హఠాత్తుగా నిలిచిపోవును. అది ఏటవాలు దారి యగునేని, మనుష్యుఁడు నిర్జనారణ్యమున పడియుండును. చెప్పని యొక్కమాట ఆడిన అబద్ధముతో సమానమగుట కింతకంటె నిదర్శన మేల?

బాగుచేయువారిలో రెండు సంప్రదాయములు కలవు. కొందఱు బండిని కర్మాగారమునుండి వెడలిననాఁటి రూపమునకు తేవలె నందురు. కొందఱు పాతరంగును, గీఁతలను, సొట్టలను అట్లే యుంచి, నడచుటకు కావలసినంతయే చేయవలె నందురు. అసలు రంగు ఒక్కసారి గీఁకివేసినచో తిరిగి రాదని వారి వాదము. ఇది మన గుళ్లవిషయమున తెలిసినదే. పాత చిత్రములపై సున్నము కొట్టించి, శాసనశిలలను మెట్లుగా పఱచి, జీర్ణోద్ధరణము చేసితిమని సంతోషించినవారు మనలోను ఉండిరి. ఈ రెండు సంప్రదాయములలో నేది మేలని నిర్ణయించుట నా పని గాదు. చేసినదేదో చేసినట్లు చెప్పినచో రెండును ధర్మ్యములే. చెప్పనిచో, రంగు వేసినవాఁడును దోషియే, కావలెనని తుప్పు పట్టించి పాతదనము నటించినవాఁడును దోషియే.

నిజము కొన్నవానికి మాత్రమే కాదు, ఇరుగుపొరుగులకును చెల్లింపవలసిన ఋణము. ఈ ఇంజనులో ద్వారములు కొంతకాలము కలసి తెఱచియుండుటవలన, పోసిన పెట్రోలులో ఒక్కొక్కప్పుడు నాలుగవవంతువఱకు కాలకయే పొగతో బయటికి పోవును. అమెరికాలో 1978 నమూనాలనుండి మోటారుసైకిళ్ల పొగకు ప్రభుత్వము హద్దులు పెట్టెను. క్రమముగా రోడ్లనుండి ఈ జాతి తొలఁగిపోవుటకు అదియు నొక కారణము. ఆ చట్టము అన్యాయమని గొణఁగుట కంటె, పాతబండిని నిత్యప్రయాణమునకు గాక అరుదుగా వెలికి తీయుటయు, నూనె పాళ్లను నేఁటి నూనెలకు తగినట్లు సరిచూచుకొనుటయు మేలు. ఇంటిలోనివారికి చెల్లవలసిన నిజము మఱియొకటి కలదు. ఆనాఁటి బ్రేకుపట్టీలలో ఆస్‌బెస్టాసు ఉండెడిది. ఆ ధూళిని గాలికొట్టి ఊదివేయుట ఊపిరితిత్తులకు హాని. పిల్లలు తిరుగు వసారాలో ఆ పని చేయుచు, ‘ఇది నా వేడుక’ యనుట చెల్లదు. వేడుక తనది; గాలి అందఱిది.

ఇఁక పనివానికి చెల్లవలసిన నిజము. డీటీ-1 సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు. అది అరిగినపుడు పావుమిల్లీమీటరు చొప్పున పెంచి, దానికి తగిన పెద్ద పిస్టనును అమర్పవలెను. ఈ పని ఇంటిలో జరుగదు. లేతుమిషన్లుగల షాపులోని మేస్త్రి చేయవలెను. సిలిండరునకు పిస్టనునకు నడుమ వెండ్రుకమందము గూడ లేని ఆ సందును అతని చేతులును కొలకఱ్ఱయు నిర్ణయించును. బండి నడచిన పిమ్మట చదువుకొన్న గృహస్థుఁడు ‘నేనే బాగుచేసితిని’ అని మిత్రులకు చూపును. ఆ వాక్యమున మేస్త్రికి చోటు లేదు. చేతిపనిని తక్కువగా చూచు మన పాతరోగము, మనము చేతిపనిని అభిమానించునపుడు గూడ ఇట్లు తొంగిచూచును. మసి మన చేతికి అంటినంత మాత్రమున ఆ రోగము పోదు; మసిలోనే బ్రదుకువాని పేరు మన నోటినుండి వచ్చినపుడు పోవును. డే పేటెంటులో కాక్ మఱుఁగుపడినట్లు, మన వాకిట మేస్త్రి మఱుఁగుపడరాదు.

కాఁబట్టి నేను సూచించు ఉపాయము చిన్నది. బండితోపాటు ఒక పుస్తకము పెట్టవలెను. విప్పినపుడు ఏమి కనఁబడినది, ఏది మార్చితిమి, ఏది వేఱొక బండిది, ఏది తెలియక అట్లే విడిచితిమి, నూనె ఎట్లు పోయవలెను, బోరు ఎంత, అది చేసిన మేస్త్రి యెవఁడు, తేదీలతో వ్రాయవలెను. మన వైద్యుఁడు రోగి చరిత్ర వ్రాసికొనుటకును, పూర్వము కరణము భూమి చరిత్ర వ్రాసియుంచుటకును కారణమేదో, దీనికిని అదియే. ఆ పుస్తకమున్న బండి ఎన్ని భాగములు మాఱినను ‘అదే బండి’ యగును. ఏలయన దాని గతము తెగిపోలేదు. అది లేని బండి ఒక్క మర మాఱకున్నను అనాథయే.

దేవాలయోద్ధరణము చేసిన ప్రభువులు తాము చేసినదానిని శిలపై వ్రాయించిరి. అందు కీర్తికాంక్ష యున్నను, తరువాతివారికి అది సాక్ష్యమైనది. ఇంటి కొట్టములో కూర్చుండి పాతయంత్రమునకు ప్రాణము పోయువానికి శిలాశాసన మక్కఱలేదు. నూనెమరకలు పడిన కాగితములు చాలును. మెఱుఁగు నాలుగు వానలకు పోవును. ఆ కాగితములలోని నిజము, బండి ఎవరి చేతికి పోయినను, వారిని కాపాడుచుండును.