పాస్‌పోర్ట్ నంబరు తాళంచెవి కాదు

గిద్దలూరు పక్క పల్లెలో ఒక కుర్రాడు ఉన్నాడనుకుందాం. కువైట్ పోవాలి, మెడికల్‌కి వెళ్ళాడు. చిన్నప్పుడెప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనపడింది. అన్‌ఫిట్.

గల్ఫ్ దేశాల మెడికల్ ఫలితం వాఫిద్ సైట్లో ఉంటుంది. పాస్‌పోర్ట్ నంబరు, ఏ దేశస్థుడో కొడితే చాలు, ఫిట్టో అన్‌ఫిట్టో తెలిసిపోతుంది. సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు ఇక్కడే ముల్లు గుచ్చుకుంటుంది. ఆ నంబరు మనిషికి ఇంకో పేరే తప్ప రహస్యం కాదు. ఏజెంటు దగ్గరుంటుంది, జిరాక్స్ షాపులో ఉంటుంది. నా పాస్‌పోర్ట్ కాపీలు ఎక్కడెక్కడ ఇచ్చానో నాకే గుర్తులేదు.

అంటువ్యాధి ఉందా అని అడిగే హక్కు ఏ దేశానికైనా ఉందనే ఒప్పుకుందాం. ఆ జవాబు అడిగినవాళ్ళకీ, ఆ ఒంటి యజమానికీ మధ్య ఉండాలి. అనుమతి లేకుండా ఎవరి హెచ్‌ఐవీ సంగతీ బయటపెట్టకూడదని మన 2017 చట్టం అంటుంది. ఇక్కడ జబ్బు పేరు ఎవరూ బయటపెట్టలేదు నిజమే. తీర్పు మాత్రమే కనపడింది. కారణం ఊరు రాసుకుంటుంది, అదీ అన్నిటికంటే చెడ్డదే రాసుకుంటుంది.

రేపు మార్కాపురం సంబంధం వాళ్ళు ఆరా తీస్తే, ఆ పుకారు పోవడానికి కుర్రాడికి ఒకటే దారి: తన ఎక్స్‌రే తనే అందరికీ చూపించుకోవడం. దాన్ని అతని ఇష్టం అనగలమా?