దారిలో అన్నం, పిల్లలకిచ్చిన మాట

వేసవి సెలవులు వచ్చాయంటే చాలు, మన ఇళ్ళలో ప్రయాణాల మాట మొదలవుతుంది. పెద్దలకు ప్రయాణమంటే చేరవలసిన ఊరు. పిల్లలకు ప్రయాణమంటే దారి, అందులోనూ తినడానికి ఎక్కడ ఆగుతామన్నది. బండి ఊరు దాటకముందే వెనుక సీటులోంచి “ఎక్కడ ఆగుదాం?” అన్న ప్రశ్న వస్తుంది. ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న అని మనకు తోచదు. మాకూ చాలాకాలం తోచలేదు.

ఒక వేసవిలో విజయవాడ నుంచి హైదరాబాద్‌కు కారులో బయలుదేరాం. సుమారు 270 కిలోమీటర్ల దారి. సూర్యాపేట దాటాక రోడ్డు పక్కన రంగురంగుల భవనం ఒకటి కనిపించింది. ముందు జారుడుబల్ల, ఉయ్యాలలు, గాలి ఊదిన పెద్ద ఏనుగు బొమ్మ. పిల్లలు కేరింతలు కొట్టారు. బండి ఆపి లోపలికి అడుగుపెట్టబోతే తెలిసింది, అదే కప్పు కింద మద్యం కూడా పోస్తున్నారని. మద్యం అందించే పంక్తిలో విశ్వాసి కూర్చోరాదన్నది మహాప్రవక్త (సఅసం) బోధ. వెంటనే వెనుదిరిగాం. అంతవరకు మేము చేసింది సరైనదే. అప్పుడు ఆరేళ్ళ మా చిన్నది అడిగింది: “అబ్బా, అల్లాహ్‌కు జారుడుబల్ల అంటే ఇష్టం లేదా?”

మేము జవాబు చెప్పలేదు. ఏడుపు ఆపడానికి “ఇంకాస్త ముందుకెళితే ఇంతకంటే పెద్దది ఉంది, అక్కడ ఐస్‌క్రీమ్ కూడా కొనిపెడతాం” అన్నాం. అలాంటి చోటేదీ మాకు తెలియదు. వెతికే ఉద్దేశం కూడా లేదు. నార్కెట్‌పల్లి వచ్చింది, చౌటుప్పల్ వచ్చింది. ప్రతి ఊరిలోనూ “ఇంకాస్త ముందుకు” అన్నాం. హైదరాబాద్ చేరేసరికి పిల్ల బిస్కెట్టు పొట్లం చేతిలోనే పట్టుకుని నిద్రపోయింది.

ఆ రాత్రి మాకు అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) చెప్పిన ఒక సంఘటన గుర్తొచ్చింది. ఆయన చిన్నవాడుగా ఉన్నప్పుడు దైవప్రవక్త (సఅసం) వారి ఇంట్లో కూర్చుని ఉన్నారు. తల్లి “ఇలా రా, నీకొకటి ఇస్తాను” అని పిలిచింది. ఏమివ్వాలనుకున్నావని ప్రవక్త అడిగారు. ఖర్జూరమని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకుండా ఉండి ఉంటే నీ ఖాతాలో ఒక అబద్ధం రాయబడేదని ఆయన హెచ్చరించారు. అబూదావూద్ గ్రంథంలో ఉన్న హదీసు ఇది. ఒక ఖర్జూరం విషయంలోనే ఇంత లెక్క! మరి సూర్యాపేట నుంచి చౌటుప్పల్ దాకా మేము చెప్పిన వాటి లెక్క ఎంత? ఒక నిషిద్ధం నుంచి పిల్లల్ని కాపాడామని పొంగిపోతూ మరో నిషిద్ధాన్ని వారి కళ్ళముందే చేశాం.

ఇంతకూ, పిల్లల సంతోషం మనం దయతలచి ఇచ్చేదా, వారి హక్కా? దివ్యఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరాను చూడండి. తమ్ముణ్ణి తమతో పంపమని అన్నలు తండ్రిని అడిగేటప్పుడు చెప్పిన కారణం ఏమిటి? అతను హాయిగా తింటాడు, ఆడుకుంటాడు అని. వారి మనసులో కుట్ర ఉంది, అది వేరే సంగతి. కాని హజ్రత్ యాఖూబ్ (అ.స) భయపడింది తోడేలుకు. తినడం, ఆడుకోవడం పిల్లవాడికి ఎందుకని ఆ ప్రవక్త అనలేదు. మహాప్రవక్త (సఅసం) ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. ప్రయాణంలో ఉల్లాసం మన ధర్మానికి పరాయిది కాదు.

అలాగని పిల్లలు చూపించిన ప్రతి చోటా బండి ఆపమనీ కాదు. కహఫ్ సూరాలో గుహవాసులు నిద్రలేచి, ఒకరి చేతికి వెండి నాణెం ఇచ్చి పట్టణానికి పంపారు. ప్రాణభయంలో ఉన్నారు, ఎంతకాలం నిద్రపోయారో తెలియదు. అయినా ఏది దొరికితే అది తెమ్మనలేదు, ఏది పరిశుద్ధమైన ఆహారమో చూసి తెమ్మన్నారు. ఆ ‘చూడటం’ పెద్దల పని. మేము తప్పింది సరిగ్గా అక్కడే. బయలుదేరేముందు పెట్రోలు చూసుకున్నాం, టైర్లలో గాలి చూసుకున్నాం. పిల్లలు ఎక్కడ నిశ్చింతగా తిని కాసేపు ఆడుకోగలరో మాత్రం ఎవరినీ అడగలేదు. ముందే అడిగి ఉంటే ఆ అబద్ధాల అవసరమే వచ్చేది కాదు.

కొందరు మరో కొసకు పోతారు. సాటి ముస్లిం నడిపే హోటల్లో కూడా యజమానిని నిలదీసి, కోడిని ఎవరు కోశారు, ఎక్కడ కోశారు అని పదిమందిలో ప్రశ్నిస్తారు. కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు తెచ్చే మాంసం మీద అల్లాహ్ పేరు పలికారో లేదో తెలియదని కొందరు అడిగినప్పుడు, మీరు అల్లాహ్ పేరు పలికి తినండని దైవప్రవక్త (సఅసం) చెప్పినట్లు హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. దీన్ని పట్టుకుని ఎక్కడైనా మాంసం తినేయవచ్చని అనుకోరాదు. విశ్వాసిని ఊరకే అనుమానించరాదన్నదే ఇందులోని సంగతి. తెలియని చోట మాంసం మానేస్తే సరిపోతుంది. మన దారుల్లో ఇడ్లీకీ, దోసెకీ కొదవా? వంటమనిషి పెనం మీద పిండి గుండ్రంగా తిప్పుతుంటే, చెరకు గడ మిషన్లో నలిగి రసం కారుతుంటే మా పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. జారుడుబల్లకు అది తీసిపోదు.

పిల్లలకు ‘వద్దు’ అని చెప్పడంలో కూడా ఒక పద్ధతి ఉంది. హజ్రత్ హసన్ (రజి) పసివాడుగా ఉన్నప్పుడు జకాత్ ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకున్నారు. ప్రవక్త (సఅసం) దాన్ని ఉమ్మించారు. అంతటితో ఊరుకోకుండా, మనం సదఖా తినమని కారణం కూడా చెప్పారు. అంత చిన్నవాడికి కారణం చెప్పారంటే, ఆరేళ్ళ పిల్లకు మేము చెప్పలేమా? “జారుడుబల్ల మంచిదే తల్లీ, పక్కన అమ్మేది మంచిది కాదు” అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట మానేసినందుకు, ధర్మం తన ఆటను లాగేసుకుందని పిల్ల అనుకుంది.

ఇంకో సంగతి చెప్పక తప్పదు. ఐదేళ్ళలోపు పిల్లలకు భోజనం ఉచితమని హోటల్లో రాసి ఉంటే, ఏడేళ్ళ పిల్లవాడిని ఐదేళ్ళవాడిగా చెప్పే తండ్రులు మనలో లేరా? ముక్క హలాలా కాదా అని అరగంట విచారించి, ఒక్క మాటతో ఆ పళ్ళెమంతా పాడుచేసుకుంటున్నాం. తన వయసు తనకు తెలిసిన పిల్లవాడు పక్కనే నిలబడి వింటున్నాడు. అలాగే, మన పిల్లలు ఉయ్యాల ఊగుతుంటే వారి ఈడు పిల్లవాడే వచ్చి బల్ల తుడుస్తుంటాడు. 14 ఏళ్ళలోపు పిల్లల్ని హోటళ్ళలో, ధాబాల్లో పనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచి చట్టరీత్యా నేరం. అయినా అక్కడక్కడా కనిపిస్తూనే ఉన్నారు. అలాంటి చోట మన పిల్లల సరదాకు డబ్బు చెల్లించడానికి మాకు మనసొప్పదు.

తిరుగు ప్రయాణంలో ముందే అడిగి తెలుసుకుని బయలుదేరాం. నల్లగొండ జిల్లాలో తాటిచెట్లకు కొదవలేదు. నకిరేకల్ దాటాక చెట్టు నీడన ఒకాయన ముంజెలు కొడుతున్నాడు. అక్కడే దుప్పటి పరిచి జుహర్, అసర్ కలిపి కస్ర్ చేసుకున్నాం. కాయలోకి బొటనవేలు గుచ్చి ముంజె ఎలా తోడుకోవాలో ఆయనే మా చిన్నదానికి నేర్పాడు. నీరు మోచేతి దాకా కారింది, గౌను తడిసింది. బిస్మిల్లాహ్ అన్నావా అని వాళ్ళమ్మ అడిగితే, ప్రతి కాయకూ అన్నానంది.

బండి ఎక్కాక మళ్ళీ వెనుక సీటులోంచి గొంతు వచ్చింది: “అబ్బా, వెళ్ళేటప్పుడు అన్న ఐస్‌క్రీమ్ ఇంకా బాకీ ఉంది.” కోదాడలో బండి ఆపాం.