వెనక్కి తీసుకున్న ఒప్పుకోలు

నేరం చేశానని ఒకసారి ఒప్పుకున్న ముద్దాయి, తీరా కోర్టుకు వచ్చాక భయపెట్టి చెప్పించారని అంటే, ఆ రెండు మాటల్లో దేన్ని నమ్మాలి? చట్టానికి ఇది సాక్ష్యానికి సంబంధించిన ప్రశ్న. దాని అడుగున ఉన్నది మాత్రం ధర్మసందేహం: బాధకు లొంగి పలికిన మాట సత్యం అనిపించుకుంటుందా?

ఈ సందేహం చాలా పాతది. మహాభారతం ఆదిపర్వంలో మాండవ్య మహర్షి మౌనవ్రతంలో ఉండగా దొంగలు ఆయన ఆశ్రమంలో సొత్తు దాచి తామూ నక్కుతారు. రాజభటులు అడిగితే ముని పలకడు. సొత్తు అక్కడే దొరుకుతుంది. మునిని శూలానికి ఎక్కిస్తారు. కౌటిల్యుడి అర్థశాస్త్రం ఇదే మాండవ్యుణ్ణి మరోలా తలుచుకుంటుంది. నిందితుల విచారణ గురించి చెబుతూ, హింసకు భయపడి, దొంగ కాకపోయినా దొంగనేనని ఒప్పుకున్నవాడిగా ఆయన్ని చూపి, పూర్తి ఆధారాలు ఉంటేనే శిక్షించాలని హెచ్చరిస్తుంది. ఒకచోట మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నారు, మరోచోట భయాన్ని. రెండుచోట్లా బలైంది నిరపరాధే. విచారణలో హింసకు చోటిచ్చిన అర్థశాస్త్రమే ఈ హెచ్చరిక చేయడం గమనించాలి.

మతాలు ఒప్పుకోలుకు పెద్దపీట వేశాయి. పాపాన్ని పైకి చెప్పుకోవడం, పశ్చాత్తాపపడడం శుద్ధికి మార్గాలని మనుస్మృతి అంటుంది. కథోలిక పాపసంకీర్తనంలో విన్న మాటను గురువు బయటపెట్టకూడదు. ఇస్లామీయ న్యాయశాస్త్రంలో, దైవహక్కులకు సంబంధించిన నేరాల్లో నిందితుడు ఒప్పుకోలును వెనక్కి తీసుకుంటే హద్ (మతశాసనం ముందే నిర్ణయించిన) శిక్ష ఆపాలన్నది ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఈ ఒప్పుకోళ్లకు విలువ తెచ్చేది చెప్పేవాడి ఇష్టం. పోలీస్ స్టేషన్‌లో వినేవాడికి కేసు తేలడం కావాలి, చెప్పేవాడికి అక్కణ్ణుంచి బయటపడడం కావాలి. ఆ గదిలో ఇష్టం ఎంత, బలవంతం ఎంత అన్నది బయటివారికి తెలిసే దారి లేదు.

అందుకే 1872 నాటి సాక్ష్య చట్టం బెదిరింపుతోనో, ఆశ చూపో రాబట్టిన ఒప్పుకోలునూ, పోలీసు అధికారికి చెప్పిన ఒప్పుకోలునూ పక్కన పెట్టింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 22, 23 సెక్షన్లలో ఇవే నియమాలున్నాయి. మేజిస్ట్రేటు ముందు చెప్పింది మాత్రం చెల్లుతుంది. అయితే ఒప్పుకోవాల్సిన పని లేదనీ, ఒప్పుకుంటే అది తనపైనే సాక్ష్యం కావచ్చనీ నిందితుడికి మేజిస్ట్రేటు ముందుగానే చెప్పాలి. ఆలోచించుకోవడానికి మామూలుగా కనీసం 24 గంటలైనా ఇవ్వాలని సుప్రీంకోర్టు 1957లో సర్వన్ సింగ్ కేసులో చెప్పింది. ఒప్పుకోనన్న మనిషిని తిరిగి పోలీసు కస్టడీకి పంపకూడదు.

పోలీసులకు చెప్పిన మాటలో చెల్లే భాగం ఒకటుంది: దాని వల్ల కొత్త విషయం బయటపడితే, ఆ మేరకే చెల్లుతుంది. దేశమంతటా న్యాయవాదులు నేటికీ ఉదహరించే పులుకూరి కోటయ్య తీర్పు గుంటూరు జిల్లా పల్లె కక్షల నుంచి పుట్టింది. హత్య కేసులో ఒక నిందితుడు, తామంతా కాపుకాసి కొట్టామనీ, బరిసెనూ తన కర్రనూ గడ్డివామిలో దాచాననీ, వస్తే చూపిస్తాననీ చెప్పాడు. దాచిన సంగతి, చూపిస్తానన్న మాట తప్ప మిగతాదేదీ చెల్లదని నాటి అత్యున్నత అప్పీలు న్యాయస్థానమైన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ 1946 డిసెంబరులో తేల్చింది. ఆయుధం దొరికితే, అది ఎక్కడుందో అతనికి తెలుసని మాత్రమే రుజువవుతుంది. దానితోనే చంపాడని వేరే సాక్ష్యం చెప్పాలి. మాండవ్యుడి ఆశ్రమంలోనూ సొత్తు దొరికింది మరి.

మేజిస్ట్రేటు ముందు చెప్పి ఆ తర్వాత కాదన్న ఒప్పుకోలు సంగతిని సుప్రీంకోర్టు 1962లో ప్యారేలాల్ భార్గవ కేసులో విడమరిచింది. ఆ తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ కోకా సుబ్బారావు. ఒప్పుకోలు స్వచ్ఛందమనీ, నిజమనీ నమ్మకం కుదిరితే కాదన్నంత మాత్రాన అది చెల్లకపోదు. అయినా ఇతర సాక్ష్యం బలపరచకుండా దానిమీదే శిక్ష వేయడం క్షేమం కాదు. ఇది వివేకం నేర్పిన నియమం, దాటరాని చట్టసూత్రం కాదు. ప్రతి చిన్న వివరానికీ ఊతం అక్కర్లేదు, ముఖ్యాంశాలకు ఉంటే చాలు. సహనిందితుడి మీద అయితే దాని బలం ఇంకా తక్కువ.

ఈ చర్చ ఫిల్మ్‌నగర్ గడప కూడా తొక్కింది. 2017 జూలైలో తెలంగాణ ఎక్సైజ్ శాఖ ప్రత్యేక దర్యాప్తు బృందం మాదకద్రవ్యాల కేసులో పలువురు సినీప్రముఖులను పిలిచి ప్రశ్నించింది. అలాంటి కేసుల్లో దర్యాప్తు అధికారికి ఇచ్చిన ఒప్పుకోలు వాంగ్మూలం చెల్లుతుందా లేదా అన్నది అప్పటికి సుప్రీంకోర్టు పెద్ద ధర్మాసనం ముందు తేలకుండా ఉంది. 2020 అక్టోబరు 29న తూఫాన్ సింగ్ కేసులో, ఆ అధికారులూ పోలీసుల కిందికే వస్తారు కాబట్టి చెల్లదని ఇద్దరు న్యాయమూర్తులు, చెల్లుతుందని ఒకరు తీర్పిచ్చారు.

జూబ్లీహిల్స్ స్టూడియోల్లో తయారయ్యే కోర్టు సీన్లలో ప్రతినాయకుడు చివరికి బోనులో నేరం ఒప్పుకుంటాడు. ప్రేక్షకుడు ఆ నేరాన్ని మొదటి రీళ్లలోనే కళ్లారా చూశాడు కాబట్టి అతనికి అనుమానం రాదు. న్యాయమూర్తి ఆ రీళ్లు చూడలేదు. ఆయన ముందున్నవి కొన్ని కాగితాలు, కొందరు సాక్షులు, తన మాటను తానే కాదంటున్న ఒక మనిషి.

పశ్చాత్తాపంతో నిజం చెప్పినవాడు కూడా శిక్షకు జడిసి మాట మార్చవచ్చు. ఆ మాట నిజమైతే దానికి తోడు నిలిచే సాక్ష్యాన్ని వెతకాల్సింది దర్యాప్తు చేసేవారే. ఆ శ్రమను తప్పించుకోవడానికి ఒప్పుకోలును అడ్డం పెట్టుకోనివ్వకపోవడమే న్యాయస్థానం ధర్మం. మనిషి స్వేచ్ఛగా పలికాడని తేలాకే ఆ మాట నిజమా కాదా అన్న ప్రశ్న మొదలవుతుంది.